గంట లేని బర్రె

వేములవాడ,
పుష్యమాసం, 1958

మా అక్క నర్మదకు, నీ ప్రేమగల తమ్ముడు అంబదాస్ దండాలు.

ఇక్కడ అందరం మంచిగున్నం. దుకాణంల కుంకుమ, గాజుల గిరాకి జర నడుస్తున్నది. నువ్వడిగిన డిటెక్టివ్ నవల పోస్టుల పంపుతున్న. మస్తు కత అక్కా! చిన్న ఊరు, మామిడితోట, కోళ్లు, ఉమ్మడి కుటుంబం. తోట ముసలాయన బావి కాడ సచ్చి పడుంటడు. ఆయన చేతికర్ర మాయం. ఇంట్ల అందరి మీద అనుమానమే. తొక్కులు పెట్టుకునే ఒక మేనత్త కూసున్న కాడ్నే కూసోని అన్ని పసిగడ్తది. గిరాకి పిలిచినా నాకు లేవబుద్ధి కాలే.

కని ఆఖరి పేజీలు చింపి గల్లపెట్టెల పెట్టుకున్న. పోయినమాటు నువ్వేం జేసినవు? నేనింక చదువని నవల వాపస్ పంపుకుంట మొదటి పేజీ మీదనే "చంపింది డాక్టరే రా తమ్మీ" అని రాసినవు. నా పానం ఎంత ఉసూరుమన్నదో! ఇప్పుడు నా వంతు. శివరాత్రి ఎల్లినంక పేజీలు పంపుత, అందాక ఆగు.

పగ మర్వని నీ తమ్ముడు,
అంబదాస్


నిర్మల్ కాడ, పల్లె నుంచి

నా బంగారి తమ్మికి, దొంగ సచ్చినోనికి, అక్క దీవెనలు.

రోజు పొద్దుమీకంగ నేను చదువుతుంటే ఇంటోళ్లంత సుట్టు కూసోని ఇంటున్నరు. మా అత్త దేవవ్వ చింతగింజలు తీసుకుంట, "ఆ మేనత్తది పాముకన్ను పిల్లా" అంటది.

కని మనసు మంచిగలేదు తమ్మీ. మా పెద్ద బర్రె సచ్చింది. పొద్దుగాల సూస్తే కొట్టంల కడుపుబ్బి పడున్నది. "నర్మద పాసిపోయిన తవుడు కలిపి కుడితి పెట్టింది, గందుకే సచ్చింది" అని అత్త వాడకట్టు అందరి ముంగట అన్నది. మీ బావ తువ్వాల భుజాన ఏసుకొని చేనుకు పోయిండు. శివరాత్రి ఎల్లినంక నన్ను పుట్టింటికి తోలేస్తరట.

తవుడు నోట్లేసుకొని మరీ సూసిన, మంచిగనే ఉన్నది. బర్రె మెడకు గంట లేదు. గంట తాడు కింద పడున్నది, తెగలే, ఎవలో ముడి ఇప్పిన్రు. మరిది హనుమండ్లు మీదనే నా అనుమానం, బర్రెను అమ్మాలని ఎప్పటిసంది కొట్లాడుతుండు, రాత్రి సప్పుడు గాకుంట తోలుకపోజూసిండేమో. వాని మొకం మీద అందరి ముంగట ఉమ్మియ్యకుంటే నేను మన బాపు బిడ్డనే కాదు.

పేజీలు పంపు. ఆ మేనత్త ఎట్ల దొరకవట్టిందో నాకు కావాలె.

మండుతున్న నీ అక్క,
నర్మద


వేములవాడ,
శివరాత్రి తెల్లారి

నా అక్కా, నా తల్లీ,

ఎంత తిడ్తవో తిట్టు. జాతర జనంల కాయితాలు అయిపోయినయి. నీ మరదలు లస్మవ్వ గల్లపెట్టెల పేజీలు తీసి కుంకుమ పొట్లాలు కట్టింది! చంపినోని పేరు ఏ భక్తుల ఇంటికి పోయిందో మన రాజన్న దేవునికే ఎరుక. తీరుబాటుగ చదువుదామని నేను సుత దాచుకున్న. నీ మీద పగ పడితే నాకే తగిలింది.

ఫికర్ చెయ్యకు. నువ్వొస్తే దుకాణంల సగం గద్దె నీదే. కని నింద నెత్తిన ఏసుకొని మాత్రం రాకు. కత ఆఖరు నువ్వే అల్లి ఇంటోళ్లకు చదివినట్టు చెప్పు. నువ్వు అల్లినవని వాళ్లకేం ఎరుక? ఎవల మొకం మారుతదో సూడు.

సిగ్గుతోని,
నీ అంబదాస్


నిర్మల్ కాడ

నా ముద్దుల తమ్మీ,

అల్లిన! పేజీలు చినిగిన కాడ ఉత్త అట్ట సూసుకుంట చదివినట్టే చెప్పిన: "కర్ర యాడ దాచిన్రో నాకెరుకే, రేపు పొద్దుగాల అందరి ముంగట తీస్త, అన్నది మేనత్త." పుస్తకం మూసి, "మన బర్రె గంట సుత గట్లనే దొరుకుతది" అన్న.

కొట్టం కాడ గంట దాచే జాగ పెంటకుప్ప ఒక్కటే, తెల్లారకముందే దాని ఎనుక నిలబడ్డ, హనుమండ్లు వస్తడని. వాడు ఇంట్ల గుర్రుపెడుతుండు. వచ్చింది మా అత్త! పెంట తోడుతున్నది.

"ఏంది అత్తా, గీ యాళ్ల పెంట తోడుతున్నవు?" అన్న.

చేతిల గంట టంగుమన్నది. అత్త దాన్ని కొంగుల దాయబోయింది.

"పక్కన కిషన్‌రావు చేన్ల కోసిన జొన్నకు పచ్చగ పిలకలేసినయి పిల్లా. రాత్రి పూట ఉత్త పున్నానికి మేపుదామనుకున్న. కావలోడు ఇంటడని గంట ఇప్పిన. తెచ్చి కొట్టంల కట్టంగనే బర్రె కూలింది, భయానికి గంట పెంటల దాచిన."

"జొన్న పిలక గొడ్డుకు ఇషమని ఎరుకలేదా?"

"రెండు బుక్కలకు ఏంగాదనుకున్న. ఎవలకు చెప్పకు బిడ్డా, ఇజ్జత్ పోతది."

"చెప్ప. నా మీది నింద నువ్వే తియ్యి. ఎక్కడ ఏసినవో అక్కడ్నే."

తీసింది. అదే వాడకట్టుల, అందరి ముంగట, "కుడితి మంచిదే, నేనే తప్పు మాట్లాడిన" అన్నది. నేను పుట్టింటికి పోతలే. హనుమండ్లుకు పాపం, అన్నంల నెయ్యి జర ఎక్కువ ఏస్తున్న.

గంటను వంటింటి దర్వాజకు కట్టిన. అత్త గొంతు లేవంగనే ఏలుతోని ఒక్కసారి కదిలిస్త. టంగ్. గంతే, సల్లవడ్తది. నిన్న పప్పుల ఉప్పు రెండుమాట్లు ఏసిన, కావాలనే. "మస్తుగైంది బిడ్డా" అనుకుంట గిన్నె నాకింది.

ఇంకో నవల పంపు. ఆఖరి పేజీలు నువ్వే ఉంచుకో.

గంట కింద కూసోని రాస్తున్న,
నీ అక్క నర్మద