టర్బో పోయింది సదానందం వల్ల కాదు

పండరీ,

సాంబమూర్తి మెకానిక్ ఫోను చేస్తే, మన కిరాయి కారుకు కొత్త టర్బో అప్పుడే బిగించవద్దని చెప్పు. ఇంజనుకు గాలి తోసే పాతదాని రెక్కలు విరిగి ముక్కలు గాలి గొట్టాల్లోకి పోయాయి. అవన్నీ విప్పి కడిగాకే బిగించాలి. లేకపోతే ఇంజను కూడా పోతుంది.

డ్రైవర్ సదానందం ఆయిల్ చూడకనే ఇలా అయిందని నువ్వన్నావు. పొద్దున దగ్గరుండి విప్పించాను. ఆయిల్ నిండుగా, శుభ్రంగా ఉంది. చిరిగింది ఎయిర్ ఫిల్టర్ కాగితం. సాంబమూర్తి టర్బోలోంచి నూలు పీచు లాగి, "ఇదేంది బాపూ, కారుకు బట్ట నేసుడు నేర్పుతాండ్రా?" అన్నాడు. మన మరమగ్గాల మీది పీచు ఊదే కంప్రెసర్ గొట్టంతోనే నువ్వు ఫిల్టర్ కూడా ఊదుతున్నావు. ఆ జోరుకు కాగితం ఆగలేదు. పైగా బండి నిలిపేది మగ్గాల షెడ్డులోనే, అక్కడి పీచంతా ఆ చిరుగులోంచి టర్బోలోకి పోయింది.

పొగ కక్కి ఆగినప్పుడు బండిలో కిరాయివాళ్లు లేరు. అదొక్కటే మేలు.

సదానందం ఫోను ఎత్తడం లేదు. అతని భార్య ఎత్తి, "పనిలకెల్లి తీసేసిన కాన్నుంచి అన్నం ముడ్తలేడు బాపూ, పిల్లలతోటి గూడ మాట్లాడ్తలేడు" అంది. నేను బస్సులో రఘునాథపల్లి వాళ్లింటికి పోతున్నాను. కారణం నేను చెప్పగలను. కానీ పదిమందిలో "నా బండిని సంపినవ్" అన్నది నువ్వు. ఆ మాట వెనక్కి తీసుకోవాల్సిందీ నువ్వే. సాయంత్రంలోగా అక్కడికి రా.

బాపు

అన్నం, పప్పు మూతపెట్టి ఉన్నాయి, తినే బయలుదేరు. మీ అమ్మ ఉంటే చీటీ రాసేది కాదు, నిన్ను చెయ్యి పట్టి బస్సెక్కించేది.