వైఫై తెరిస్తే నా మొహమే

జూన్ 3
మా వీధి స్తంభానికి ఫ్రీ వైఫై పెట్టె బిగించారు. ఊరంతా పెడుతున్నారట. ప్రచారానికి ఒక వ్యాపారి ఫొటో కావాలని మా షాపుకే వచ్చారు. బొత్తాల డబ్బా పట్టుకుని, ఫోన్ చూస్తూ నవ్వమన్నారు. నవ్వాను. నాలాగే దారాలు, బొత్తాలు అమ్మే ఎదురు షాపాయనకి కడుపు మండింది. నక్క తోక తొక్కాననుకున్నా. ఇక టైలర్లకి దారం రంగుల ఫొటోలు ఎన్నైనా పంపొచ్చు.

జూన్ 11
వైఫై ఆన్ చేస్తే ముందు నా ఫొటో. కింద చక్రం తిరుగుతుంది. తిరుగుతూనే ఉంటుంది. నెట్ రాదు. నేను మాత్రం ముప్పైరెండు పళ్ళూ బయటపెట్టి నవ్వుతూ ఉంటాను.

జూన్ 14, మధ్యాహ్నం
ఛీ. ఇవాళ ఐదుగురొచ్చారు. జిప్పుల కోసం కాదు, నెట్ ఎందుకు రావట్లేదని అడగడానికి. బల్బు వెలగకపోతే డబ్బా మీద బొమ్మని తిడతారా అన్నాను. ఒక పెద్దాయన జిడ్డోడుతున్న ఫోన్ నా చెంపకి ఆనించి, ఇది మీరు కాదా అని నిలదీశాడు. కాదంటే నమ్మేలా లేడు. అదే ముక్కు, అదే పుట్టుమచ్చ.

జూన్ 19
టైలరక్క వచ్చింది. నా సరుకులో సగం ఆమె మెషిన్ల మీదికే పోతుంది, పదేళ్ళుగా. కూతురి కాలేజీ ఫారానికి నిన్న సాయంత్రం ఐదు వరకే గడువట. తల్లీకూతుళ్ళు ఐదు దాకా చక్రాన్నీ నా మొహాన్నీ చూస్తూ కూర్చున్నారు. గడువు దాటిపోయింది.
"పిల్ల ఏడుస్తుంటే నువ్వు నవ్వుతూనే ఉన్నావమ్మా. నీ తప్పు కాదని తెలుసు. కానీ ఇక నీ మొహం చూడలేను."
తిన్నగా ఎదురు షాపుకి వెళ్ళింది.

జూన్ 20
వైఫై ఆఫీసుకి పోయి ఫొటో తీసెయ్యమన్నాను. దానికి ఆన్‌లైన్‌లో అప్లై చెయ్యాలట. అక్కడే నిలబడి వాళ్ళ వైఫై ఆన్ చేశాను. ఫొటోలోంచి నన్ను చూసి నేనే నవ్వాను. గుమాస్తా జాలిపడి మెల్లిగా చెప్పాడు, ఇంకో మొహం చూపిస్తే ఇది మార్చేస్తారని.
ఎదురు షాపాయన నంబరిచ్చాను.

జూన్ 27
కొత్త చొక్కా వేసుకుని మరీ ఫొటో దిగాడు. అమ్మా, మీ చలవే అని దణ్ణం పెట్టి వెళ్ళాడు.
థూ, నా బతుకు.

జూలై 6
టైలరక్క తిరిగొచ్చింది. తెల్లదారం, పదహారు కండెలు. పిల్ల ఈ ఏడాది మెషిన్ మీద కూర్చుంటోందట. ఎదురు షాపు దగ్గర ఎవరో ఆయన్ని తిడుతున్నారు. మేమిద్దరం తల వంచుకుని రంగులు చూశాం.

జూలై 9
పొద్దుటినుంచీ చక్రమే. ఒక్క ఫొటో వెళ్ళలేదు. రోడ్డు దాటి వెళ్ళి ఆయన్ని దులిపేసి వచ్చాను.