తల్లి ఎలుకలకు ఏమీ కాదు

అక్కా,

ఫోన్‌లో చెబితే నవ్వి కొట్టిపారేస్తావు, అందుకే రాస్తున్నాను. సోమవారం నీ బుజ్జిగాడికి పన్ను పీకించకు. ముందు వాడి రక్తం సరిగ్గా గడ్డకడుతుందో లేదో పరీక్ష చేయించు.

మొన్న పన్ను ఊడితే తెల్లారేసరికి దిండంతా తడిసిపోయిందని, “వీడి ఒంట్లో రక్తం ట్యాంకరుందే!” అని నవ్వావు. నాకు నవ్వు రాలేదు. రక్తం గడ్డకట్టని జబ్బు మీద పరిశోధనకు మా ల్యాబులో ఒక జన్యువు మార్చిన ఎలుకల్ని పెంచుతున్నాం. పరీక్షకు తోక చివర కాస్త కత్తిరిస్తాం. మామూలు కూనలకు రక్తం ఇట్టే ఆగిపోతుంది. ఆ జన్యువున్న మగ కూనలకు ఆగదు. ఎంత అదిమి పట్టుకున్నా కొన్ని నా చేతిలోనే చల్లబడిపోతాయి. జబ్బు తల్లి నుంచే వస్తుంది, కానీ తల్లులు మాత్రం గింజలు నములుతూ గుండ్రాళ్లలా తిరుగుతుంటాయి. మనుషుల్లోనూ అంతేనట.

చిన్న మామయ్య సైకిల్ మీంచి పడి చనిపోయాడని కదా అమ్మ చెప్పేది? దెబ్బ ఎక్కడ తగిలిందని నిన్న అడిగాను.

“మోకాలు గీరుకుంది, అంతేనే,” అంది.

పరీక్షకు వెళ్లేరోజు నన్నూ రమ్మను, నేనూ చేయించుకుంటాను. ఇంకా ఎవరికీ చెప్పలేదు, నాకు మూడో నెల.

నీ చెల్లి