రెండు పొరల కప్పు

ఫిబ్రవరి 5, బుధవారం

చిరంజీవి అల్లుడుగారికి, మీ అత్తయ్య దీవించి రాయునది.

మీ ఒంట్లో ఎలా ఉంది? ఎండన పడి వచ్చి చన్నీళ్లు తాగే అలవాటు మానారా? మీ అమ్మగారి, అదే మా వదినగారి మోకాలు ఎలా ఉంది? మెట్లు ఎక్కనివ్వకండి. అమ్మాయి నడుంనొప్పి తగ్గిందా? అది తగ్గిందనే అంటుంది, దాని మాట నమ్మకండి. మనవరాలు చిట్టికి దగ్గు పోయిందా? మొన్న ఫోన్లో రెండుసార్లు దగ్గింది. అప్పట్నుంచీ నా ప్రాణం ప్రాణంలో లేదు. ఇక్కడ అందరం బాగున్నాం. నా గుండెదడ మామూలే. అది ఆగితేనే కంగారుపడాలి అత్తయ్యా, అని కోడలు వేళాకోళం చేస్తుంది.

నా చదువు మూడో తరగతి, తప్పులుంటే సర్దుకోండి. ఫోన్లో చెబుదామంటే పక్కన ఎప్పుడూ మీ బావమరిది ఉంటాడు.

వాడు నారు షెడ్డుకి మళ్లీ ప్లాస్టిక్ కప్పు కొంటున్నాడు. ఏడాదిగా ఒంటి పొరతో నెట్టుకొస్తున్నాం. ఈ చలికి లోపలంతా చెమట పట్టి, చుక్కలు రాలి, టమాటా నారు సగం కుళ్లింది. అయినా ఈసారీ ఒంటి పొరే అంటాడు. దుకాణదారు రెండు పొరలది చూపిస్తే, ఆ బుడగ బాగోతం మా బావ చలవ వల్ల ఒకసారి చూశాం, చాలు బాబూ, అన్నాడట. కోడలు వచ్చి చెప్పింది. ఆ మాట నాకు ముల్లులా దిగింది.

నిరుడు ఆ కప్పు వేయించినప్పుడు మీరెంత ఓపిగ్గా చెప్పారు! రెండు పొరలు, మధ్యలో చిన్న ఫ్యాను ఊదే గాలి, ఆ గాలే మొక్కలకు దుప్పటి అన్నారు. కప్పు ఉబ్బుతుంటే పేలిపోతుందేమోనని నేను గోల పెట్టాను. పేలితే మొదటి దెబ్బ నాదే అత్తయ్యా, అని నవ్వుతూ వెళ్లి దాని కిందే నిలబడ్డారు.

నెల తిరక్కుండా అది గాలికి చిరిగింది. చలికి నారంతా పోయింది. గాలి మాటల బావ, గాలి కప్పు, అని వాడు నలుగురిలో మిమ్మల్ని ఎద్దేవా చేశాడు. మీరు చెప్పులేసుకుని వెళ్లిపోయారు. నేను గుమ్మంలోనే ఉన్నాను. ఆపలేదు. అప్పట్నుంచీ మీరు మా గడప తొక్కలేదు. అమ్మాయి ఒక్కతే వచ్చి, ఆయనకి పనుందమ్మా అంటుంది. ఏడాది పొడుగునా పనేనా?

లోపలి పొర చుక్కలు రాల్చని రకం ఉండాలన్నారు కదా, దానికి ఏ వైపు కిందికి రావాలి? ఎంత మందం తీసుకోవాలి? రాయండి. వద్దు, రాయొద్దు. మీరే రండి.

ఇట్లు,
మీ అత్తయ్య

తా.క. కాగితం మడిచాక మళ్లీ విప్పాను. కప్పుదీ తప్పు కాదు, మీదీ కాదు. అది చిరిగిన మధ్యాహ్నం వాడూ కోడలూ బండిలో నారు వేసుకుని సంతకి వెళ్లారు. పెద్ద గాలి లేచింది. దానికి తోడు ఫ్యాను కూడా ఊదితే పేలిపోతుందని నేనే స్విచ్చి ఆపేశాను. గాలి లేచినప్పుడే కప్పు బిగువుగా ఉండాలి, ఫ్యాను ఆపొద్దు అని మీరు చెప్పింది ఆ భయంలో గుర్తు రాలేదు. కప్పు నీరసించి, టపటపా కొట్టుకుని, ఇనపకమాను దగ్గర బారున చిరిగింది. పరిగెత్తి మళ్లీ స్విచ్చి వేశాను. వాడు వచ్చేసరికి ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఫ్యాను బాగానే ఉందిగా, ప్లాస్టిక్కే చచ్చుది, అన్నాడు.

వాడికి ఇంకా తెలీదు. మీ ఎదురుగానే చెబుతాను. మిమ్మల్ని నలుగురిలో అన్నాడు కదా, నన్నూ మీ ముందే అననివ్వండి. దుకాణానికి వెళ్లేది పదిహేడు, సోమవారం. మీరు ముందు రోజే రండి నాయనా. పొద్దున్నే, గాలి లేవకముందే. గేటు దగ్గరే నిలబడి ఉంటాను. పదహారో తేదీ, ఆదివారం.