మిత్తికి రెండర్థాలు

1994 డిసెంబర్, మంగళవారం. చంద్రాపూర్.

మామయ్య అన్నం ముట్టలేదు. ముట్టకపోనీ.

పొద్దున పద్మాపూర్ నుంచి బొగ్గు కూలి పోశవ్వ మా గిర్వి దుకాణానికొచ్చి, చలికి కప్పుకునే ఒక్క చెద్దరునూ కుదువపెట్టి బిడ్డ మందులకు మిత్తికి, అంటే వడ్డీకి, డబ్బు తీసుకుంది. పక్కింటి సారాబాయి అక్కడే ఉంది. ఆమె కొంకణ్ నుంచి వచ్చిన యూదురాలు. "మా ధర్మంలో పేదవాళ్ల దగ్గర మిత్తి తీసుకోకూడదు. వాళ్ల దుప్పటి కుదువపడితే పొద్దు గుంకేలోపు ఇచ్చెయ్యాలి. లేకపోతే ఏం కప్పుకుని పడుకుంటారు?" అంది మరాఠీలో. వాళ్ల హీబ్రూలో మిత్తిని కాటు అంటారట.

"గట్లయితే దుకాణం మూసుకోవాలె," అని మామయ్య నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

పొద్దు గుంకకముందే ఆ చెద్దరు తీసుకుని బస్‌స్టాండుకు పోయి, మందులు కొనుక్కుని ఊరి బస్సు కోసం కూర్చున్న పోశవ్వ చేతిలో పెట్టి వచ్చాను.

"ఎవలనడిగి ఇచ్చినవ్ కోడలా? గామె మిత్తి ఎగ్గొడితే?"

"మిత్తంటే ఏందో ఎరికేనా మామయ్యా? పాత తెలుగుల చావని అర్థం, మా బాపు చెప్పిండు. వాళ్లది కాటే. మనది చావు."

మామయ్య గల్లాపెట్టె తాళంచెవి లాక్కున్నారు. కుదువపడ్డ చెద్దర్లు పెట్టే గది తాళంచెవి మాత్రం ఇంకా నా కొంగుకే ఉంది.