మిస్డ్ కాల్ వచ్చాకే ఎసరు

అత్తా, సంత నుంచి రాగానే నీ కంటబడాలని ఈ చీటీ పొయ్యి పక్కన పెడతన్నాను. పెద్ద అక్షరాలతోనే రాసినాను, కూడబలుక్కుని సదువుకో.

ఎండు సేపలు డాబా మీదున్నాయి, మబ్బు పడితే దించెయ్. ఇంటి ఫోను కిటికీలో ఛార్జింగు పెట్టినాను, తియ్యకు. నేను భావనపాడు ఎల్తన్నాను. నిన్నటి గాలికి రెండు తెప్పలు అక్కడ ఒడ్డెక్కినాయంట. నిన్న రావాల్సిన మావ తెప్ప ఆటిలో ఉందేమో సూసొస్తాను.

మావని తిట్టుకోకు. "టవరు అందే దూరానికొచ్చి ఒక్క మిస్డ్ కాల్ ఇస్తే ఈ మనిషికి సేతులు పడిపోతాయేటి" అని నిన్నట్నుంచి నువ్వు అంటన్నావు. తప్పు నాది. సంతలో గొడుగేసుకుని కూకున్న సిమ్ము కంపెనీవోళ్లు, మావ నంబరు తమ కంపెనీకి మార్పిస్తే నెట్టు ఉచితమన్నారు. గుజరాత్‌లో సేపల బోటెక్కిన మీ కొడుకు ఒడ్డుకొచ్చినప్పుడల్లా వీడియోలో సూడొచ్చని ఆశపడినాను. ఈసారి ఏటకెల్లే ముందు రాత్రి మావ పడుకున్నప్పుడు ఆయన ఫోన్లో సిమ్ము నేనే మార్చేసినాను. ఆ కంపెనీ సిగ్నలు ఊళ్లోనే గానీ నీళ్ల మీద అందదని ఇయాల పొద్దున్న పక్కింటోళ్లు సెప్పినారు. తెప్ప మీద ఉన్నది ఆ ఒక్క ఫోనే. మావకి ఈ సంగతి తెలీదు.

వచ్చినాక నువ్వు ఏటన్నా పడతాను.

అనూరాధ

ఇంకోటి అత్తా. మిస్డ్ కాల్ రాకుండా నువ్వు ఏ రోజూ ఎసరు పెట్టవు. ఇయాల కాల్ కోసం సూడకు. ముగ్గురికీ ఎసరు పెట్టెయ్.