కెనడా శాలువా

నాచారం,
ఆదివారం పొద్దున

తమ్ముడు రమణకు అక్క దీవెనలు. నేనిక్కడ బాగానే ఉన్నాను, కంగారు పడకు. అమ్మ మోకాళ్ల నొప్పులు తగ్గాయా? పాపకు జ్వరం విడిచిందా? ఇక్కడ చలి ముదిరింది. రేకుల గదిలో ఒక్కదాన్నే ముడుచుకుని పడుకుంటున్నాను. అయినా బాగానే ఉన్నానురా, నిజం.

కెనడా సంగతి ఏమైందని అడిగావు. చెప్తాను గానీ అమ్మకు మాత్రం చదివి వినిపించకు.

రెండేళ్ల కిందట ఉప్పల్ మెస్సులో గొడవైందని మాత్రమే నీకు చెప్పాను. అన్నం మెత్తబడిందని వంటమేస్త్రీ గంగాధర్, అన్నం వార్చే యాదమ్మ చేతి మీద మరిగే గంజి కావాలనే పోశాడు. జాకెట్టు చేతితో పాటు చర్మం ఊడొచ్చింది. నాకు ఒళ్లు తెలియలేదు. ఇనుప గరిటెతో వాణ్ణి బాదాను. వాడి రెండు వేళ్లు విరిగినా ఆపలేదు. నలుగురు పట్టుకుంటే ఆగాను. పోలీసులు నన్నే అరెస్టు చేశారు. తర్వాత లోక్ అదాలత్‌లో రాజీ అయింది. గంజి పొరపాటున ఒలికిందని కాగితం రాశారు. నా మీది కేసు పోతుందని నేను సంతకం పెట్టాను, నా కోసం యాదమ్మా పెట్టింది. ఓనరు ముగ్గురికీ టీ తాగించి మళ్లీ పనిలో పెట్టుకున్నాడు.

కెనడా హోటల్లో వంటపనికి పెట్టిన ఫారంలో, ఎప్పుడైనా అరెస్టయ్యారా అని అడిగారు. ఏజెంటేమో, "రాజీ అయినంక ఇంక కేసెక్కడిదక్కా? లేదని కొట్టు" అన్నాడు. నేనూ అలాగే అనుకున్నాను. అతని దగ్గర పనిచేసే అమ్మాయే ఆ వాక్యం చదివి చెప్పింది. శిక్ష పడిందా అని కాదు, అరెస్టయ్యావా అని అడుగుతున్నారట. దాచినట్టు తేలితే ఏళ్ల తరబడి రానివ్వరట. దాంతో అవునని పెట్టించి, రాజీ కాగితం జతచేశాను. ఇంకో గొడవలో ఇరుక్కోకు అని మరీమరీ చెప్పింది.

అది గంగాధర్ చెవిన పడింది. ఇక రోజూ ఆ వంకర వేళ్లు నా మొహం ముందు ఆడించేవాడు. "కొట్టరాదు? గరిటె ఉన్నది గదా. ఏంది, వీసా పోతదని భయమా?" పళ్లు బిగబట్టుకుని ఉల్లిపాయలు తరిగేదాన్ని.

మొన్న శుక్రవారం మధ్యాహ్నం నా కళ్లెదుటే యాదమ్మ కాలిన చెయ్యి మెలిపెట్టి, కాలే పెనం మీదికి వంచాడు. నన్ను చూస్తూ నవ్వాడురా, వెధవ! గరిటె అందుకున్నాను. అంతలో యాదమ్మ అరిచింది. "అక్కా, నువ్వు జరుగు! నేను ఏ దేశం పోయేదున్నది?"

రెండో చేత్తో పక్కనున్న మూకుడు ఎత్తి వాడి మొహాన కొట్టింది. రక్తం చపాతీ పిండిలో కారింది. వాడు కూలబడ్డాక కూడా కొట్టింది. దవడ విరిగిన చప్పుడు నాకు వినబడింది. అబద్ధమెందుకు, ప్రాణం హాయిగా అనిపించింది.

యాదమ్మను పట్టుకెళ్లారు. నన్ను సాక్ష్యానికి పిలిచారు. "నువ్వేం సూడలేదని చెప్పు, నీ బతుకు నువ్వు సూస్కో" అన్నాడు ఓనరు. ఎస్సై పాత రాజీ కాగితం తీశాడు. "గప్పుడు గంజి పొరపాటున పడ్డదని మీరే రాసిచ్చిన్రు. ఇప్పుడేమో వాడు ఎప్పట్నుంచో సతాయిస్తుండని యాదమ్మ అంటున్నది. ఏది నిజం?"

ఆ కాగితం అబద్ధమంటే, కెనడాకు నేను పంపిందీ అబద్ధమే. నిజమంటే, యాదమ్మ ఒట్టిపుణ్యానికి మనిషిని చావగొట్టినట్టు.

"కావాలనే పోశాడు సార్. ఇప్పుడు పెనం మీదికి వంచిందీ వాడే. ఆ కాగితం మీద సంతకం నాది, అబద్ధమూ నాదే. రాసుకోండి" అన్నాను.

"పిచ్చిదానివా అక్కా? నీ వీసా!" అని బెంచీ మీద నుంచే ఏడ్చింది యాదమ్మ. నేనే ఏజెంటుకు ఫోన్ చేసి జరిగిందంతా కెనడా వాళ్లకు రాయమన్నాను. ఇక ఆశ లేదన్నాడు.

ఒక్క పని చేసిపెట్టు. కెనడా చలికని అమ్మ కొన్న ఉన్ని శాలువా వెంటనే పంపు. యాదమ్మను జైలుకు పంపారు. అక్కడి నేల సంగతి తెలియదు గానీ, స్టేషన్ నేల ఎంత చల్లగా ఉంటుందో నాకు తెలుసు.

అమ్మ కాళ్లకు నా దణ్ణాలు. మరదల్ని అడిగానని చెప్పు. పాపకు ముద్దులు. శాలువా ఎవరికని అమ్మ అడిగితే, నాకేనని చెప్పు.

నీ అక్క,
సీత